మా అత్త అరికాలి మచ్చ

పరిశోధన చేస్తున్నానంటే జనం రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏం పరిశోధన, ఎప్పటికి అయిపోతుంది. రెండో ప్రశ్నకి నా దగ్గరే కాదు, మా గైడు దగ్గర కూడా జవాబు లేదు. మొదటి దానికి మాత్రం నేను మా నీళ్ళ మోటారు కథ చెబుతాను.

మద్దిలపాలెంలో మేముండే అపార్ట్‌మెంటు మొత్తానికి మోటారు ఒకటే. ఒకరోజు దాని స్విచ్చి ఇరుక్కుపోయింది. ట్యాంకు నిండింది, పొర్లింది, నీళ్ళు మెట్ల మీంచి దిగి వాచ్‌మన్ మంచం దాకా వచ్చాయి, మోటారు మాత్రం ఆగదు. మన ఒంట్లో కణాలకీ ఇలాంటి స్విచ్చులుంటాయి. వాటిని కైనేజులంటారు. కణం పెరగాల్సినప్పుడు పడతాయి, చాలనుకున్నప్పుడు ఆగుతాయి. చర్మానికి రంగునిచ్చే కణాల్లో అలాంటి స్విచ్చి పడింది పడ్డట్టే ఉండిపోతే మెలనోమా అనే కేన్సరు రావచ్చు. ఆ స్విచ్చి సందులో దూరి దాన్ని ఆపగలిగే మందు కోసం వెతకడం నా పని. చీపురుపుల్ల విరిచి సందులో కుక్కడం లాంటిదే. కాకపోతే ఏ పుల్ల పడుతుందో ముందు తెలీదు కాబట్టి పుల్లలన్నీ మనమే చెక్కుకోవాలి. యాభై అయిదు రకాలు చెక్కుతానని రాసిచ్చి, అప్పటికి నలభై ఒకటి చెక్కాను.

ఈ కథ సరిగ్గా అర్థం చేసుకున్నది మా అత్త ఒక్కతే.

"అంతేటి? దానికిన్నేళ్ళ సదువెందుకే? ఆ రోజు మీ మావయ్య ఎల్లి ఫ్యూజు పీకీసినాడు గదా" అంది.

"ఫ్యూజు పీకేస్తే మనిషే పోతాడత్తా. మిగతావన్నీ పనిచేస్తుండాలి, ఆ ఒక్క స్విచ్చే ఆగాలి."

ఆమె చేట పక్కన పెట్టి కాసేపు ఆలోచించింది. "అయితే కష్టవేలే" అంది. నా పని కష్టమని మా గైడు ఇప్పటిదాకా ఒప్పుకోలేదు.

అత్త అంటే నాకు రెండు విధాలా అత్తే. మా నాన్నకి సొంత అక్క, పైగా మా ఆయనకి తల్లి. చిన్నప్పుడు నాకు పేలు చూసిన మనిషి కావడంతో మా మధ్య మీరూ గీరూ ఎప్పుడూ లేవు. మా ఆయన ఓడల్లో ఇంజనీరు. ఏడాదిలో సగం రోజులు సముద్రం మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్త, స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మావయ్య, నేను.

మా కాలేజీ రుషికొండ దాటాక ఉంది. కిటికీలోంచి సముద్రం కనబడుతుందని చూడ్డానికొచ్చిన వాళ్ళంతా అసూయపడతారు. నేను చూసేది మాత్రం ప్లాస్టిక్ పళ్ళెంలో పెరిగే కేన్సరు కణాలని. వాటికి ఆదివారం లేదు, పండగ లేదు, వేళకి తిండి మార్చాలి. పెళ్ళయి మూడేళ్ళయింది, విశేషమేమీ లేదా అని కింది వాటా ఆవిడ అడిగినప్పుడల్లా మా అత్త, "దానికి లక్షమంది పిల్లలమ్మా, పెట్టిలో ఉంటారు. ఆదివారం పూట కూడా మేత పెట్టడానికి ఎల్తది" అని చెప్పేది. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం నన్ను జాలిగా చూసింది.

ఆ పళ్ళెంలో చిన్న చిన్న గిన్నెల్లాంటి గుంటలుంటాయి. కణాలున్న ప్రతి గిన్నెలో మందు వేసి, తర్వాత పసుపురంగు ద్రవం ఒకటి పోస్తాం. కణాలు చచ్చిపోయి ఉంటే అది పసుపుగానే ఉండిపోతుంది. బతికుంటే వంకాయ రంగుకి తిరుగుతుంది. నలభై మందుల దాకా నాకు వంకాయ రంగు తప్ప మరో రంగు దక్కలేదు. ఇంట్లో గుత్తొంకాయ వండిన రోజున నేను పచ్చడి మెతుకులు తిని లేచేదాన్ని. ఆషాఢం చివర్లో నలభై ఒకటో మందు వేశాను. గిన్నెలన్నీ పసుపు! పెళ్ళిచూపులనాడు కూడా నేనంత సంతోషపడలేదు. మా గైడు మాత్రం కళ్ళద్దాలు పైకి తోసి, "మళ్ళీ చెయ్యి. మూడుసార్లు వస్తేనే వచ్చినట్టు" అన్నారు. ఆయన మంచి వార్తని కూడా చావుకబురులాగే వింటారు.

ఆ హుషారులోనే శ్రావణమాసం వచ్చింది. మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం నాడు కోడలు ముందుగా అత్తగారి కాళ్ళకి పసుపు రాయాలి, ఆ తర్వాతే మిగతా పేరంటాళ్ళకి. అత్త పీట మీద కూర్చుంది. కింది వాటా ఆవిడతో పాటు మరో నలుగురు వచ్చి ఉన్నారు. నేను ఎడమకాలికి పసుపు రాసి, కుడికాలు చేతిలోకి తీసుకున్నాను. మామూలుగా పాదం మీదా పక్కలా రాసి వదిలేస్తాం. ఆ రోజు పసుపు కాస్త ఎక్కువ కలిపాను. చుక్క కిందకి కారితే తుడుద్దామని మడమ పైకెత్తాను.

మడమ అంచున, అడుగువైపు, నల్లటి మచ్చ. మినపగింజ కంటే పెద్దది. అంచులు గుండ్రంగా లేవు. ఒకవైపు నలుపు, ఒకవైపు ముదురు గోధుమరంగు.

నా థీసిస్ మొదటి పేజీలో నేనే రాసుకున్న వాక్యం ఒకటుంది. మనలాంటి చామనఛాయ వాళ్ళలో మెలనోమా తరచు అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వస్తుందని. ఎవరెవరో పరిశోధకులు చెప్పింది చదివి, మాటలు అటూ ఇటూ మార్చి రాశాను. రాసేటప్పుడు నాకు ఏ కాలూ గుర్తు రాలేదు. ప్రతి పండక్కీ వంగి దండం పెట్టిన కాళ్ళు ఇంట్లో ఉన్నాయి. పైభాగమే తప్ప అడుగుభాగం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటే, పసుపు ఎండిపోతంది" అంది అత్త.

"ఇది ఎప్పట్నుంచి ఉందత్తా?"

ఆమె కాలు మడిచి చూసుకుంది. నేను జవాబు వినేలోపే కింది వాటా ఆవిడ వంగి చూసి, "ఓలమ్మో! అరికాల్లో పుట్టుమచ్చే! దేశాలు తిరుగుతావు వదినా!" అని కేకేసింది. అంతే. పేరంటాళ్ళందరూ పీట చుట్టూ చేరారు. అరికాల్లో మచ్చ ఉంటే ఊళ్ళు తిరిగే యోగమని మావైపు అందరికీ తెలిసిన సంగతి. ఒకావిడ మచ్చకి దండం కూడా పెట్టింది. నేను పసుపు గిన్నె కింద పెట్టేసి ఆ మడమ వైపే చూస్తున్నానని ఎవరూ గమనించలేదు. గమనించినా భక్తి అనుకుని ఉంటారు.

వాయనాలు పూర్తయ్యేసరికి మా అత్త కాశీ, రామేశ్వరం నిర్ణయించేసింది. సాయంత్రం కాఫీ వేళకి సింగపూరు కూడా చేరింది.

కేన్సరని నా అనుమానం. కానీ పండగపూట ఆ పేరు ఎలా ఎత్తను? మర్నాడు మాటల్లో మాటగా, "ఆ మచ్చ డాక్టరుకి చూపిద్దామత్తా" అన్నాను.

"ఎందుకే? అదృష్టాన్ని డాక్టరుకి సూపిత్తారేటి?"

"కాల్లో మచ్చ ఉంటేనే తిరుగుతారా? మీ అబ్బాయి ప్రపంచమంతా తిరుగుతున్నాడు. ఆయన అరికాలు నేను చూశాను. ఒక్క మచ్చ లేదు."

అత్త తొణకలేదు. "ఆడు తిరగడవేటి? ఓడ తిరుగుతంది. ఆడు అందులో కూసుంతాడు" అంది.

ఇక దొంగదారి పట్టాను. రోజూ మచ్చ కొలవాలి, ఫోటో తీసి తెలిసిన చర్మం డాక్టరుకి పంపాలి. అందుకని మధ్యాహ్నం త్వరగా ఇంటికొచ్చి, "కాళ్ళు నొప్పులన్నావుగా, నూనె రాస్తాను" అని కూర్చునేదాన్ని. అత్త మొదటిరోజు అనుమానంగా చూసింది, రెండోరోజు అలవాటు పడింది, మూడోరోజు టైముకి కాళ్ళు చాపి పిలిచింది. కునుకు పట్టగానే నేను స్కేలు తీసి మచ్చ పక్కన పెట్టి ఫోన్ లైటేసి ఫోటో తీసేదాన్ని. ఒకరోజు ఆ భంగిమలో ఉండగా కింది వాటా ఆవిడ పెరుగు తోడు కోసం వచ్చింది. చూసింది. తోడు కూడా అడక్కుండా వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా అపార్ట్‌మెంటు అంతా పాకింది. పీహెచ్‌డీ చదివే కోడలు రోజూ అత్త కాళ్ళు పట్టి, ఆ పాదాలకి ఫోటోలు తీసి పూజించుకుంటోందని. లిఫ్టులో ఇద్దరు కోడళ్ళు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. "నీ మూలంగా మా ఇంట్లో బతకలేకపోతన్నాం" అని మూడో అంతస్తు అమ్మాయి మొహం మీదే అనేసింది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఏం చెబుతాను? నిజం చెప్పే ధైర్యం ఉంటే మెట్లెక్కి నేరుగా మా అత్తకే చెప్పేదాన్ని.

మావయ్యకి మాత్రం చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ళు కొలిమి ముందు నిలబడ్డ మనిషి, దేనికీ కంగారు పడడు. అంతా విన్నాడు. ఆ తర్వాత లేచి వెళ్ళి అటక మీంచి ప్లాంటులో ఇచ్చిన పాత సేఫ్టీ బూట్లు దింపి, దుమ్ము తుడిచి, అత్త మంచం పక్కన పెట్టాడు. "ఇయ్యి ఏసుకుని తిరుగు" అన్నాడు. అవి ఆమె కాలికి రెండింతలున్నాయి. ఆమె ఆయన్ని తిట్టిన తిట్లు నేను రాయను.

డాక్టరు ఫోటోలు చూసి, "ఫోటోలో చెప్పలేను, వెంటనే తీసుకురండి" అన్నాడు. ఆ 'వెంటనే' అన్న మాట పట్టుకుని ఆ రోజంతా తిరిగాను. చివరికి అత్తకి అబద్ధం చెప్పాను. కాశీ వెళ్ళే ముందు పెద్దవాళ్ళకి ఒక డాక్టరు కాగితం కావాలి, రైల్వేవాళ్ళు అడుగుతున్నారు అని. కాశీ అనగానే ఆమె లేచింది. చీర మార్చుకుంది.

ఆ పొద్దున్నే నేను లేబ్‌కి వెళ్ళి వచ్చాను. నలభై ఒకటో మందుకి మూడోసారి పరీక్ష. రెండోసారే కొంచెం తేడాగా ఉంటే నా మనసుకి నచ్చజెప్పుకున్నాను. మూడోసారి పళ్ళెం తీసి చూస్తే గిన్నెలన్నీ వంకాయ తోట. మొదటిసారి పసుపుగా కనబడ్డానికి కారణం కూడా దొరికింది. ఆ వారం కణాల్ని పెంచే పెట్టెలో గ్యాసు అయిపోయిందట, కణాలు మందు లేకుండానే చచ్చాయి. గైడు కళ్ళద్దాలు పైకి తోసి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

డాక్టరు దగ్గర వరసలో చాలామంది ఉన్నారు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. అత్త కొంగుతో విసురుకుంటూ, నావైపు చూడకుండా అంది.

"రైలుకి కాగితం ఎవడూ అడగడని నాకు తెలుసునే."

నేను చేతిలో ఉన్న నంబరు చీటీ మడతపెట్టాను.

"నీ కంప్యూటరు దుమ్ము తుడిసినప్పుడు అందులో కాలు బొమ్మ సూసినాను. మడమ కాడ నల్లగ. నా కాలు కూడా అలగే ఉన్నాది. అది ఆ జబ్బేనా?"

"తెలీదత్తా. అందుకే చూపిద్దామని."

"అయితే ఓ మాట ఇను. అదే అయితే, ఇంకెవలికో ఎయ్యకు. నీ నలభై ఒకటో మందు ముందు నాకే ఎయ్యి. ఆ ప్లాస్టిక్కు పళ్ళేనికి ఏసి ఏటి లాభం? మనిసికేసి సూసుకో. నాను ఏటీ అనను."

పొద్దుటి పళ్ళెం నా కళ్ళముందే ఉంది. లేబ్‌లో చేసిన మందు పొడి మనిషి దాకా రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో, ఎన్ని పరీక్షలు దాటాలో నాకు తెలుసు. ఆ పొడి పనిచేయదనీ తెలుసు. వారం రోజులుగా సింగపూరు గురించి మాట్లాడుతూ ఈవిడ లోపల భయం దాచుకుందనీ అప్పుడే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. "మందు లేదత్తా. పొద్దున్నే పోయింది" అని చెప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇంతలో మా నంబరు పిలిచారు.

డాక్టరు కుర్రవాడే. అత్తని మంచం మీద పడుకోబెట్టి, కాలు లైటు కిందకి లాగి, భూతద్దం లాంటి పరికరం మడమకి ఆనించి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత అతను చిన్న బ్లేడు తీసుకుని, మడమ మీది గట్టి చర్మాన్ని పొరలుగా గీకడం మొదలుపెట్టాడు. మా అత్త మెడ ఎత్తి చూసింది.

"ఏటి బాబూ, ఏటి సేత్తన్నావ్? అది అదృష్టం!"

నాలుగు గీతలు గీకేసరికి మచ్చ నల్లటి పొట్టులా రాలిపోయింది. కింద గులాబి రంగు చర్మం, చక్కగా ఉంది. డాక్టరు ఆ పొట్టుని కాగితం మీద నాకు చూపించాడు.

"రక్తం మేడమ్. గట్టి చర్మం కింద కమిలి గడ్డకట్టింది, అంతే. కేన్సరూ కాదు, పుట్టుమచ్చా కాదు." అత్త వైపు తిరిగి, "ఈ మధ్య చెప్పుల్లేకుండా చాలాదూరం నడిచారా అమ్మా?" అన్నాడు.

అత్త కప్పు వైపు చూసింది. "నేదు" అంది.

"నడవకపోతే ఇలా రాదు."

"కొంచెం."

"ఎంత?"

"సింహాచలం కొండ సుట్టూ."

ఆషాఢ పున్నమికి జరిగే గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. మోకాళ్ళు అరిగిపోయాయి, ఆ పేరెత్తితే ఊరుకోనని మా ఆయన ఫోన్లోనే ఒట్టు వేయించుకున్న ప్రదక్షిణ. ఆ రోజు అత్త గోపాలపట్నంలో చెల్లెలింటికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళింది. మావయ్యేమో కాలనీ వాళ్ళతో కలిసి ఇసుకతోట దగ్గర నడిచేవాళ్ళకి మజ్జిగ పంచడానికి వెళ్ళాడు.

"మరి మావయ్యకి కనబడలేదా?" అన్నాను.

"ఎందుకు కనబణ్ణేదు? ముసుగేసుకుని మీ మావయ్య సేతి మజ్జిగే తాగీసినాను. 'నడవమ్మా, గోవిందా' అన్నాడు. నలబై ఏళ్ళ కాపరం. గుర్తుపట్నేదు."

డాక్టరు మొహం పక్కకి తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. వారం రోజులు నేను నిద్రలేక, కాళ్ళు పట్టి, అపార్ట్‌మెంటు అందరి చేతా మాటలు పడి, చివరికి ఇదా!

"ఆ మోకాళ్ళతో ముప్పై రెండు కిలోమీటర్లా? అంత కొంప మునిగే మొక్కేమిటత్తా నీకు?" అని అరిచాను. బయట బెంచీ మీద వాళ్ళు కూడా తొంగి చూశారు.

ఆమె లేచి కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చాలా మామూలుగా చెప్పింది.

"నీ మందు పనిసెయ్యాలని."

యాభై అయిదు మందుల గురించి నేను మా గైడుకి చెప్పాను, కమిటీకి చెప్పాను, ఓడలో ఉన్న మొగుడికి చెప్పాను. అందరూ తల ఊపారు. ఒక్క మనిషి కొండ చుట్టూ నడిచింది. ఆ నడకకి కమిలిన మడమని పట్టుకుని నేను కేన్సరని భయపడ్డాను. నేల మీద కూర్చుని, పసుపు రాసినప్పుడు పట్టుకున్నట్టే ఆ కాలు పట్టుకుని ఏడ్చాను. ఈసారి పూజే. ఎవరేమనుకున్నా సరే.

"లెగు. డాక్టరు బాబు సూత్తన్నాడు" అంది అత్త. "కాశీ గీకీసినాడని నాను ఏడవాల గాని, నువ్వెందుకే?"

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు. మజ్జిగ సంగతి మాత్రం నేను చెప్పలేదు. అది అత్త చెప్పుకోవాల్సిన మాట.

"నలభై ఒకటోది పోయిందత్తా, నిజంగానే" అన్నాను. "నువ్వు నడిచినా కూడా."

"ఓసారికే అయిపోద్దేటి? ఆ కొండ మీది అప్పన్నకి ఇంకెన్ని పనులుంటాయో."

"వచ్చే ఏడాది నేను నడుస్తాను."

"నువ్వు నడిస్తే పొడులెవలు సేత్తారు? ఎవల పని ఆలదే." ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని, పాదాలు రెండూ దగ్గరికి లాక్కుని వాటివైపు చూసుకుంది. "ఇంకా ఎన్నున్నాయే, నువ్వు సెయ్యాల్సినవి?"

"పద్నాలుగు."

"నాకున్నవి రెండే కాళ్ళు. కాస్త బేగి కానీ" అంది.